మగ్గాల ఊరికి కొన్న మేజోళ్లా?



ఈసారి క్రిస్మస్‌కు పిల్లలకు పంచే మేజోళ్లను కట్టలకొద్దీ బయటి నుంచి తెప్పిద్దామని గ్రూపులో మాట నడుస్తోంది. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టేసి ఊరుకున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. ఎందుకో దాచకుండా రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మనది సోలాపూర్. మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి ఇక్కడికి వచ్చారు. సోలాపూర్ చద్దరుకూ, టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో పద్మశాలీల రెక్కల కష్టం ఉంది. అలాంటి ఊళ్లో, అలాంటి సంఘం, ఎక్కడో చేసిన పాలిస్టర్ ఫెల్టు మేజోళ్లు కొని మన పిల్లల చేతిలో పెట్టాలా? నేతగాళ్ల ఇళ్లలో గుడ్డకు కరువొచ్చిందా?

"కుట్టడం ఎవరికొచ్చు, మిషన్లు ఎక్కడున్నాయి" అని మొదటి మాట. కుట్టే పనే లేదు. పాత టవలు, కత్తెర, ఫ్యాబ్రిక్ గ్లూ, ఒక అట్టముక్క చాలు. అట్ట మీద మేజోడు ఆకారం గీయండి: పొడవు 16 అంగుళాలు, పాదం దగ్గర వెడల్పు 10 అంగుళాలు. అట్టను టవలు మీద పెట్టేటప్పుడు మేజోడు నోరు టవలు మడత కుట్టు ఉన్న కొస మీదికి రావాలి. అప్పుడు పై అంచు మడిచే పని కూడా తప్పుతుంది. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉన్న టవలుకు ఒక్కో కొసన మూడు ముక్కలు, రెండు కొసలకూ ఆరు. అంటే మూడు మేజోళ్లు. నడుమ మిగిలిన గుడ్డ పూలకూ, నక్షత్రాలకూ పనికొస్తుంది.

"కోస్తే పోగులు ఊడిపోవా?" ఊడతాయి. అందుకే గీత మీద ముందు సన్నగా జిగురు రాసి, ఆరనిచ్చి, ఆ జిగురు మీదుగానే కోయాలి. తర్వాత రెండు ముక్కలకూ నోరు వదిలి మిగతా అంచు చుట్టూ అర అంగుళం మేర జిగురు పట్టించాలి. నూలు జిగురును తాగేస్తుంది, ఒక ముక్కకే రాస్తే నిలవదు. వేలాడదీసే పట్టీని వెనక అంచున రెండు ముక్కల మధ్య పెట్టి అంటించాలి. పైన పుస్తకాల బరువు పెట్టి ఒక రోజంతా కదపకూడదు. కొత్త టవలు కన్నా వాడి వాడి బొచ్చు అరిగిన టవలే బాగా అంటుకుంటుంది. వేడి జిగురు తుపాకీ మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లల వేళ్లు కాలతాయి. పాత టీషర్టులైతే జిగురు కూడా వద్దు. ముందు వెనక ముక్కలు రెండూ కలిపి అంచు చుట్టూ పీలికలుగా కోసి, ఎదురెదురు పీలికలు ముడి వేస్తే సరి.

అచ్చు పెట్టి కోయడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రేకు అచ్చు పెట్టి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతులు మన ఇళ్లలో ఎన్ని లేవు? కళ్లు మసకబారి సూదిలో దారం ఎక్కించలేని అవ్వలు కూడా ఈ పని చేయగలరు. "కుట్టుపని ఆడవాళ్లది" అని తప్పుకునే మగవాళ్లకు ఈసారి ఆ సాకు కూడా లేదు.

ఇక అసలు మాట. "అది మన పండుగ కాదు, దానికింత హడావిడి ఎందుకు" అని కొందరు. మన సంఘంలో క్రిస్మస్ చేసుకునే కుటుంబాలు ఉన్నాయి. చందా రాసేటప్పుడు అడగని మతం, మేజోడు చేసేటప్పుడు ఎందుకు గుర్తొస్తోంది? రాఖీ పున్నమి నాడు మార్కండేయ రథం కదిలితే ఊరంతా మనదే అనుకుంటాం కదా, డిసెంబరులో ఆ నాలుగిళ్లు పరాయివి ఎలా అవుతాయి?

మేజోడు వెనకున్న కథ కూడా మనకు అర్థం కానిదేమీ కాదు. నాలుగో శతాబ్దంలో మైరా పట్నంలో, ఇప్పటి టర్కీలో, నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. కట్నం ఇవ్వలేని ఒక పేద తండ్రికి ముగ్గురు కూతుళ్లు. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా ఆ ఇంట్లోకి బంగారం విసిరితే, అది ఆరేసిన మేజోళ్లలో పడిందని చెప్పుకుంటారు. కట్నం బాధ తెలిసిన ఏ తెలుగు ఇంటికి ఈ కథ పరాయిది? ఆ బంగారానికి గుర్తుగానే మేజోడు కొసన నారింజ పెడతారని అంటారు. నాగపూర్ సంత్రాల కాలం కూడా అదే. చాక్లెట్ ప్యాకెట్ల బదులు ఒక సంత్రా, గుప్పెడు పల్లీలు వేద్దాం.

"కొన్నవైతే చవక, ఫోటోల్లో బాగుంటాయి." కావచ్చు. ఒకటీ అరా వంకరగా వస్తాయని మేమూ ఒప్పుకుంటాం. కానీ లెక్క అక్కడితో ఆపకండి. మన పిల్లలు బడిలో మరాఠీ, ఫోనులో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. తెలుగు అవ్వ పిలిచినప్పుడు పలికే "ఆ"కు వచ్చి ఆగింది. ఉపన్యాసాలతో ఆ భాష తిరిగి రాదు. అవ్వ పక్కన కూర్చుని టవలు కోస్తున్నప్పుడు ఊడొచ్చిన పోగు చూసి "ఇదేంటి" అని పిల్ల అడిగితే, "ఇది పడుగు, అది పేక" అని అవ్వ చెబుతుంది. అంచు, కుచ్చు, పీలిక, ముడి అన్నీ ఆ రెండు గంటల్లో నోటికొస్తాయి. మగ్గాలు ఆగిపోయిన వీధుల్లో ఆ మాటలు ఇక ఎక్కడ వినపడతాయి? కట్ట విప్పి పంచిన మేజోడు పిల్లకు ఒక్క మాటా నేర్పదు.

అందుకే మేము అడిగేది ఇది. ఆర్డరు ఆపండి. ఆ డబ్బుతో జిగురు, కత్తెరలు, సంత్రాలు కొనండి. డిసెంబరు రెండో ఆదివారం హాలు తెరవండి. ఇంటికొక పాత టవలు, పాత చీర అంచు, విడి గుండీలు తీసుకుని అవ్వలనూ, పిల్లలనూ వెంటబెట్టుకుని రండి. క్రిస్మస్ చేసుకునే అక్కలూ వదినలూ ముందు కూర్చుని ఎలా ఉండాలో చెప్పాలి, మిగతావాళ్లం చేద్దాం.

కాదనేవాళ్లు కింద రాయండి, జవాబిస్తాం. బొటనవేలు గుర్తు పెట్టి వెళ్లిపోకండి. ఆ వేలు ఆ రోజు జిగురు నొక్కడానికి కావాలి.