మెలోడీ అయితే చాలా?

శబ్దం పడని పిల్లలున్న ఇంటికి సలహాలకు కొదవుండదు. "మంచి మెలోడీ పెట్టండి, సర్దుకుంటాడు" అంటారు చుట్టాలు. "ఆ మాస్ పాటలు, డప్పులు వాడి చెవిన పడనీయకండి" అంటారు చదువుకున్నవాళ్లు. శిశువుకీ పశువుకీ పాముకీ కూడా గానరసం తెలుస్తుందన్న శ్లోకాన్ని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఈ మాటలన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: నెమ్మదైన పాట ఎవరికైనా హాయి, జోరుపాట ఎవరికైనా చేటు. ఇది తప్పు. ఈ తప్పును నమ్మినందుకు పెద్దలకు పోయేదేమీ లేదు. బాధంతా ఆ పిల్లలదే.

పెళ్లి మంటపం దగ్గర గమనించండి. గంట నుంచీ సన్నాయి ఓ మోస్తరుగా వినిపిస్తుంటుంది. ముహూర్తం దగ్గరపడగానే పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు. ఆ క్షణంలో డోలు, సన్నాయి, తాళాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అందరూ అక్షింతలు వేస్తుంటే శబ్దం పడని పిల్లవాడు చెవులు మూసుకుని తల్లి కొంగులో తల దాచుకుంటాడు. అలాంటి పిల్లవాడే ఊరేగింపులో డప్పులకు కాస్త ఎడంగా నిలబడి దరువుకు తగ్గట్టు ఊగడమూ ఉంది. డప్పుకు ఒక లెక్క ఉంటుంది. నాలుగు దరువులు విన్నాక ఐదోది ఎప్పుడు పడుతుందో ఒంటికి తెలిసిపోతుంది. గట్టిమేళం ఎప్పుడు మోగుతుందో పంతులుగారికి తప్ప ఎవరికీ తెలియదు. డప్పును తక్కువగా చూసే అలవాటు మనకు కులం నుంచి వచ్చింది, చెవి నుంచి కాదు. దాన్ని తెచ్చి పిల్లల ఆరోగ్యం ఖాతాలో రాయడం అన్యాయం.

అసలు చెవి ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెద్ద శబ్దం రాగానే మధ్యచెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుని లోపలికి పోయే ధ్వనిని కొంత తగ్గిస్తుంది. అది పూర్తిగా బిగుసుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. రెప్పపాటే, కానీ ఉన్నట్టుండి పడిన దెబ్బ ఆలోపే లోపలికి చేరిపోతుంది. పైగా ఆ కండరం అడ్డుకునేది ఎక్కువగా మంద్ర ధ్వనులనే. కీచుమనే ధ్వనులకు అది పెద్ద అడ్డం కాదు. మన చెవులు అన్నిటికన్నా ముందు పట్టేదేమో సెకనుకు సుమారు 2000 నుంచి 5000 కంపనాల మధ్య ఉండే ధ్వనులను. మనం హాయి అనుకునే మెలోడీలో వయొలిన్ల గుంపు, తారస్థాయిలో గాయని గొంతు, పై స్వరాల్లో వేణువు ఆ ప్రాంతంలోనే మెరుస్తుంటాయి. ఆ పాటనే ఫోన్ స్పీకర్లో పెడితే కింది స్వరాలు దాదాపు మాయమై ఆ కీచుదనమే పైకి తేలుతుంది. నిద్రపుచ్చడానికి పెట్టిన పాట పక్కలో సూదిలా గుచ్చుకుంటుంటే, "ఇంత మంచి పాటకి ఏడుస్తావేంట్రా" అని కసురుతాం.

ఇదేమీ నిన్న మొన్న బయటపడిన సంగతి కాదు. శబ్దం పడకపోవడం ఆటిజం ఉన్న పిల్లల్లో తరచూ కనిపిస్తుంది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంతోనే ఆటిజం వైద్యులకు పరిచయమైంది. వాక్యూమ్ క్లీనర్‌కీ, లిఫ్టుకీ, ఒక్కోసారి గాలి హోరుకీ హడలిపోయే పిల్లలను ఆయన అందులో వర్ణించాడు. అయితే వాళ్లు భయపడేది చప్పుడుకు కాదని కూడా రాశాడు. అంత చప్పుడూ తాము చేసేటప్పుడు వాళ్లు సంతోషంగానే ఉంటారు. తమ ఏకాంతంలోకి బయటినుంచి చొరబడేదే వాళ్లను కలవరపెడుతుంది. ఆయన చూసిన మొదటి పిల్లవాడు ఏడాది వయసుకే ఎన్నో బాణీలు తప్పులేకుండా పాడేవాడట. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ మాన్యువల్ ఐదో కూర్పు ఇంకో మాట చేర్చింది: శబ్దం వంటివాటికి ఈ పిల్లల స్పందన అతిగానూ ఉండొచ్చు, మరీ తక్కువగానూ ఉండొచ్చు. అంటే స్పీకరుకు చెవి ఆనించి వినే పిల్లలూ ఉంటారు. "శాంతమైన పాటల" జాబితా వాళ్లకెందుకు?

మీటరు పెట్టి కొలిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదంటాయి. ఆ అంకెలు సగటులు. ఇరుగుపొరుగు నిద్ర కోసం అవి కావలసిందే, నేను కాదనను. పిల్లవాణ్ని ఉలిక్కిపడేలా చేసిన ఆ ఒక్క క్షణం మాత్రం సగటులో కలిసిపోయి కనపడకుండా పోతుంది.

పాట పడుతుందో లేదో చెప్పగలిగింది వినేవాళ్లే. మాట రాని పిల్లలైతే ఒళ్లు చెబుతుంది. పాట నడుస్తుండగా పిల్లవాడు గట్టిగా "ఊఁ" అంటుంటే ఆనందిస్తున్నాడనుకుంటాం. బయటి శబ్దాన్ని తన గొంతుతో కప్పేసుకుంటున్నాడేమో చూడాలి. వాల్యూమ్ బటన్ వాడి చేతికిచ్చి చూడండి. మనం పెడితే పారిపోయిన పాటనే తాను పెట్టుకుని పదిసార్లు వినవచ్చు. విన్న పాటనే మళ్లీ మళ్లీ వింటున్నాడని విసుక్కోకండి, అందులో ఎక్కడ ఏం వస్తుందో వాడికి తెలుసు కాబట్టే వింటున్నాడు.

బడి వార్షికోత్సవానికి పాటలు ఎంచే టీచర్లకు నా విన్నపం. "అన్నీ మెలోడీలే పెట్టాం" అని చేతులు దులుపుకోవద్దు. ఆరోజు వేయబోయే రికార్డింగులనే వారం ముందు ఇంటికి పంపండి. మైకు కీచుమనకుండా ముందే సరిచూసుకోమని, ప్రతి పాటనూ తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచమని సౌండ్ సిస్టమ్ అతనికి చెప్పండి. శబ్దం పడని పిల్లవాడికి తలుపు పక్కన చోటివ్వండి, లేచి వెళ్లినా తిరిగొచ్చినా ఎవరూ ఆపకూడదు. ఏ పాటకు లోపలున్నాడో, ఏ పాటకు బయటికెళ్లాడో ఒక కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే ఏడాది పాటల ఎంపిక ఆ కాగితంతో మొదలవ్వాలి.