కాళ్లు పెట్టుకునే చోటు

పెద్ద కారున్నవాడు సామాను సర్దడు, పడేస్తాడు. డిక్కీ తెరిచి ఒకదానిమీద ఒకటి వేసి మూత మూస్తే పని అయిపోతుంది. చిన్న కారు అలా కాదు. ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని ‘నువ్వు నిజంగా అవసరమా?’ అని అడిగిస్తుంది. అందులోనూ ఇద్దరే కూర్చోగలిగిన స్పోర్ట్స్ కారులో వేల కిలోమీటర్ల ప్రయాణమంటే, సామాను సర్దడం కూడా ఒక పరీక్షే. ఆ పరీక్షలో తేలేది మన తెలివితేటలు మాత్రమే కాదు, మనకు ఏది ప్రియమో కూడా!

జపాన్ కంపెనీ మాజ్డా తయారుచేసే ఎంఎక్స్-5 కారునే చూద్దాం. 1989లో అమెరికాలోని చికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చిన ఈ బుల్లి కారును అక్కడ మియాటా అంటారు. 2016 నాటికి ఇలాంటివి పది లక్షలు తయారయ్యాయి. రెండే సీట్లు, మడిచి వెనక్కి నెట్టే గుడ్డ టాపు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. ఇప్పటి మోడల్ డిక్కీ దాదాపు 130 లీటర్లు. 2023లో తయారీ ఆగిపోయిన మన మారుతీ ఆల్టో 800 డిక్కీయే 177 లీటర్లుండేది. అంటే సామాన్యుడి ఆల్టోలో పట్టే సామాను కూడా ఈ షోకు కారులో పట్టదు. వెనక సీటు లేదు కాబట్టి ‘మిగిలింది వెనక పడేద్దాం’ అనే వీలూ లేదు.

మా సంఘంలో పెరిగి, ఉద్యోగరీత్యా చికాగోలో స్థిరపడిన ఒక యువ జంట ఇలాంటి కారులోనే ‘రూట్ 66’ వెంట ప్రయాణమైంది. 1926లో ఏర్పడిన ఈ రహదారి చికాగోలో మొదలై ఎనిమిది రాష్ట్రాలు దాటి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా వద్ద పసిఫిక్ తీరం చేరుతుంది. మొత్తం 2,448 మైళ్లు, అంటే సుమారు 3,900 కిలోమీటర్లు. 1985లో దీన్ని అధికారిక రహదారుల జాబితా నుంచి తీసేసినా, మిగిలిన పాత రోడ్ల మీద ప్రయాణించాలని అనేకులు నేటికీ మోజుపడతారు. ఈ దారిలో ఒక చిక్కుంది. అరిజోనాలో 2,100 మీటర్ల ఎత్తునున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేసవి రాత్రి కూడా స్వెట్టర్ కావాలి. ఆ తర్వాత వచ్చే మొహావీ ఎడారిలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, తాగునీళ్లు దండిగా ఉండాలి. అంటే 130 లీటర్లలో చలికాలమూ ఎండాకాలమూ రెండూ ఇమడాలి.

ఇలాంటి కారులో సర్దడానికి కొన్ని పద్ధతులున్నాయి. గట్టి సూట్‌కేసులు పనికిరావు. మెత్తటి గుడ్డ సంచులైతే మూలల్లోకి ఒదుగుతాయి. పది రోజుల ప్రయాణానికి పది జతలు అక్కర్లేదు, నాలుగు జతలు చాలు, దారిలో ఉతుక్కోవచ్చు. బట్టలు మడతపెట్టే బదులు చాపలా చుడితే చోటు కలిసొస్తుంది. బరువైనవి అడుగున, సీట్ల వైపుకు పెట్టాలి. రాత్రి దిగాక కావలసినవి ముందు సర్దాలి, దారిలో కావలసినవి చివర సర్దాలి. ఈ కార్లలో సాధారణంగా స్టెప్నీ ఉండదు. పంక్చర్ పడితే రంధ్రం పూడ్చే ద్రవం, గాలి కొట్టే చిన్న పంపు మాత్రమే ఇస్తారు. ఆ డబ్బాను సామాను కింద పూడ్చేస్తే, అవసరం వచ్చిన రోజున నడిరోడ్డు మీద సంసారమంతా బయటపెట్టాలి. సీట్ల వెనక ఖాళీలో బరువైన వస్తువులను వదులుగా వదిలేయకూడదు. సడన్ బ్రేకు వేస్తే కారు ఆగుతుంది గాని సామాను ఆగదు, అదే వేగంతో ముందుకొచ్చి మనుషులకు తగులుతుంది.

ఆ దంపతులు ఈ జాగ్రత్తలన్నీ పాటించారట. అయినా బయలుదేరే ముందురోజు రాత్రి కొన్ని వస్తువులు మిగిలిపోయాయి. ఆయన కెమెరా స్టాండు, లెన్సుల పెట్టె, ఇంకో జత బూట్లు, రెండు మడత కుర్చీలు. ఎక్కడ పెట్టాలో తోచక వాటిని పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర సర్దేశాడు. అంతా పట్టిందని సంతోషపడుతుంటే ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది.

“ఏమండీ, మరి నా కాళ్లు ఎక్కడ పెట్టుకోను?”

“కాస్త ముడుచుకుని సర్దుకోవోయ్, సాయంత్రానికి ఆగుతాంగా” అన్నాడట ఆయన. ఆమె మాట్లాడలేదు. ఆ మౌనమే ఆయన్ని ఆలోచింపజేసింది. పది రోజులు, 3,900 కిలోమీటర్లు. ఆ దూరమంతా భార్య మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటే, కెమెరాలో పడేది ఎంత అందమైన దృశ్యమైతేనేం? కుర్చీలు, బూట్లు, స్టాండు ఇంట్లోకి వెళ్లిపోయాయి. ఒక్క లెన్సుతో కెమెరా మిగిలింది. ఆవకాయ సీసా మాత్రం ఇద్దరి ఏకగ్రీవ ఆమోదంతో ప్రయాణం చేసింది!

మేము చెప్పదలచుకున్నది ఇదే. సామాను ఎక్కువైతే మొదట చోటు పోయేది డ్రైవరుకు కాదు, పక్కనున్న మనిషికి. స్టీరింగ్ దగ్గర, పెడళ్ల దగ్గర ఎవరూ సంచులు పెట్టరు. పెట్టేది ఎప్పుడూ పక్కవాళ్ల కాళ్ల దగ్గరే. మన ఇళ్లలో జరిగేదీ ఇదే కాదా? మన ఆశలకూ హోదాలకూ పనులకూ చోటు చాలనప్పుడు, ముడుచుకుని సర్దుకోమని మనం అడిగేది భార్యనో భర్తనో వృద్ధులైన అమ్మానాన్నలనో! వాళ్లు సర్దుకుంటారు కూడా. కాని సర్దుకున్నవాళ్ల కాళ్లు ఎంత తిమ్మిరెక్కాయో స్టీరింగ్ పట్టుకున్నవాడికి తెలియదు.

సామాను మింగేసేది మరొకటుంది, ఆకాశం. 2009 నుంచి 2016 వరకు తయారైన బీఎండబ్ల్యూ జెడ్4 కారుకు లోహపు టాపు ఉండేది. మీట నొక్కితే అది మడతపడి డిక్కీలోకే దిగేది. టాపు మూసి ఉన్నప్పుడు డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే 180 లీటర్లే. డిక్కీ నిండా సామాను కుక్కితే టాపు దిగడానికి చోటుండదు. ఆకాశాన్ని చూడటం కోసమే అంత ఖరీదైన కారు కొని, సామాను కోసం దారంతా టాపు మూసుకుని వెళ్లడం ఎంత విచిత్రం! మాజ్డాకు ఆ బాధ లేదు, దాని టాపు సీట్ల వెనకే ముడుచుకుంటుంది. కాని మనలో చాలామంది జీవితాలు ఆ రెండో రకం కారు లాంటివే. నింపుకున్న కొద్దీ పైకి చూసే వీలు తగ్గిపోతుంది.

తక్కువ సామానుతో దూరప్రయాణం కుదురుతుందా అని సందేహించేవారు కారులో జరిగిన తొలి దూరప్రయాణాన్ని గుర్తుచేసుకోవాలి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు తన భర్త కార్ల్ బెంజ్ రూపొందించిన మూడు చక్రాల బండి మీద, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. ఆ బండికి డిక్కీ లేదు, దారిలో పెట్రోలు బంకులూ లేవు. వీస్లోక్ ఊళ్లో మందుల షాపులో ఇంధనం కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఆమె వెంట సామాను తక్కువ, మనుషులున్నారు. ఎత్తు ఎక్కలేక బండి మొరాయించినప్పుడు దిగి తోసింది సంచులు కాదు, మనుషులే!

మార్కు సువార్త 6వ అధ్యాయంలో యేసుప్రభువు శిష్యులను ప్రయాణానికి పంపిన తీరును గమనించండి. రొట్టె, జాలె, డబ్బు తీసుకెళ్లొద్దన్నాడు, రెండు అంగీలు వద్దన్నాడు. కాని వారిని ఒంటరిగా పంపలేదు, ఇద్దరిద్దరిగా పంపాడు. జాలె వద్దన్న ప్రభువు జత వద్దనలేదు. ఆయన లెక్కలో తోటి మనిషి సామానులోకి రాడు.

ఆదికాండంలో రాహేలు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. తండ్రి ఇల్లు విడిచి వెళ్తూ ఆమె అతని గృహదేవతలను దొంగిలించి ఒంటె సామగ్రిలో దాచింది. తండ్రి వెదుక్కుంటూ వస్తే వాటిమీద కూర్చుని, లేవలేనని సాకు చెప్పింది. ఎవరికీ చెప్పకుండా సామానులో దాచుకున్న దానిమీద కూర్చున్నవారి గతి అంతే, లేవాల్సిన సమయంలో లేవలేరు.

అలాగని అవసరమైనవి వదిలేసి వెళ్లడాన్ని విశ్వాసం అనుకోకూడదు. ఎడారిలో నీళ్లు, బీపీ మాత్రలు, కారు కాగితాలు, పంక్చర్ డబ్బా ఇంట్లో పెట్టి దేవుడు చూసుకుంటాడనడం విశ్వాసం కాదు, అజాగ్రత్త. పౌలు చెరసాల నుంచి తిమోతికి రాసిన రెండో పత్రికలో త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని కోరాడు. చలికాలం ముందుంది మరి, అంగీ అవసరమే. అయితే ఆ చివరి అధ్యాయంలో ఆయన కోరికల వరుస చూడండి. ముందుగా నువ్వు త్వరగా రా అన్నాడు. తర్వాత మార్కును వెంటబెట్టుకు రమ్మన్నాడు. ఆ తర్వాతే అంగీ మాట ఎత్తాడు. ముందు మనుషులు, తర్వాత వస్తువులు. డిక్కీ 130 లీటర్లైనా 500 లీటర్లైనా సర్దుబాటుకు ఇంతకు మించిన క్రమం లేదు.

అమెరికా వెళ్లే మన పిల్లలకు విమానంలో పెట్టె ఒక్కింటికి 23 కిలోలంటారు. ఇంట్లో కాటా మీద పెట్టి తూచి, ఒక కిలో ఎక్కువైతే పచ్చడి తీయాలా పుస్తకం తీయాలా అని అమ్మానాన్నలు తల పట్టుకుంటారు. విమానం వాళ్లు హద్దు పెడితేనే మనం ఎంచుకుంటాం. హద్దు చెప్పేవారు లేని చోట ఎంచుకోవడం మానేస్తాం, అక్కడే పక్కవారి కాళ్ల దగ్గర సంచులు పేరుకుంటాయి. కనుక ఈ వేసవిలో కారులోనో బస్సులోనో రైలులోనో ఎక్కడికి బయలుదేరినా, సామాను సర్దాక ఆఖరి సంచి జిప్పు లాగేముందు పక్కనున్నవారిని ఒక్క మాట అడగండి: “నీకు కాళ్లు పెట్టుకునే చోటుందా?” జవాబు రావడం ఆలస్యమైతే సంచి మళ్లీ విప్పండి.