బాట కెక్కిన కళ్ళము

మార్గశిర మాసము వచ్చినదనగా మా పొన్నూరు పరిసరములందలి బాటలు బంగారు వన్నె దాల్చును. గుంటూరు నుండి చేబ్రోలు మీదుగా పొన్నూరునకును, అచ్చటి నుండి బాపట్లకును పోవు రోడ్డు మీదను, దానిలో వచ్చి కలియు పల్లెబాటల మీదను, పలుచోట్ల సగము వెడల్పు వరకు ధాన్యము ఆరబోసియుండును. కవి యైనవాడు చూచినచో అన్నపూర్ణ తన పమిట పరచినదని వర్ణించును. మోటారుసైకిలు మీద పోవువాడు చూచినచో వాని గుండె జల్లుమనును. తెలుగు పాఠము చెప్పుకొని బ్రదుకువాడ నగుటచే నాకు మొదటి చూపే అలవాటు. క్రిందటి పంటకాలమున జరిగిన యొక చిన్న సంగతి రెండవ చూపును గూడ నాకు నేర్పినది.

డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న మా విద్యార్థి యొకడు పదునైదు దినములు తరగతికి రాలేదు. వచ్చిన నాడు వాని కుడిచేతికి సిమెంటు కట్టు, చెంప మీద గీరుకొనిపోయిన గుర్తు కనబడినవి. ప్రక్క గ్రామము నుండి ఉదయమున కళాశాలకు వచ్చుచు, మలుపులో ఆరబోసిన ధాన్యము మీద బండి జారి పడినాడట. నేను వెంటనే, "ఏమయ్యా, ఎంత వేగంలో వస్తున్నావు?" అని అడిగితిని. వాడు తల వంచుకొని, "ముప్ఫై, ముప్ఫై అయిదు ఉంటుందండీ" అనెను. కొంతసేపు ఊరకుండి మెల్లగా ఇట్లనెను: "ఆసుపత్రిలో డాక్టరుగారూ అదే అడిగారు, ఇంట్లో మా నాన్నగారూ అదే అడిగారు. మీరూ అదే అడిగారు, మాస్టారూ. రోడ్డు మీద ఏముందని మాత్రం ఎవరూ అడగలేదండీ."

ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను. నాటి సాయంకాలమే ఆ మలుపునకు పోయి చూచితిని. ధాన్యము ఎప్పుడో ఎత్తివేసిరి. చీపురుతో ఊడ్చుకొని గింజ యైనను విడువక బస్తాల కెక్కించుకొనిపోయిరి. బాట అద్దమువలె నున్నది. అచ్చట పడినవాడు దుడుకువాడు గాక మరెవ్వడగునని చూచినవా రనుకొందురు. మా యూరి దైవమునకు సాక్షి భావనారాయణస్వామి యని పేరు. సాక్ష్యము చెప్పిన దేవుడని స్థలపురాణము. ఇట్టి ప్రమాదములకు మాత్రము సాక్ష్యము చెప్పువారు లేరు. పడుటకు కారణమైనది ప్రొద్దు గ్రుంకులోపల గోదాములో చేరును. మిగులునది విరిగిన యెముకయు, "కుర్రవాడు వేగముగా పోయినాడు" అను లోకవాక్యమును.

వేగము దోషము గాదని నేననను. ఆ దోషము ఒక్కటే యనుకొనుటలో మనకొక సుఖ మున్నదని మాత్రము చెప్పుచున్నాను. పడినవాని మీద నింద మోపినచో, బాట మీద ధాన్యము పోసినవారును, పోయనిచ్చినవారును, పోయక తప్పని స్థితి కల్పించినవారును, చూచి తప్పించుకొని పోయిన మనమును, అందరమును నిర్దోషులమైపోవుదుము.

2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్క తేల్చినది. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోయినవారే. నాలుగు చక్రముల బండి జారినను నిలిచియుండును. రెండు చక్రముల బండి జారినచో పడును. దాని బ్రదుకంతయు రెండు టైర్లు నేలను తాకెడి చోటుల మీద ఆధారపడియున్నది. ఒక్కొక్క చోటు మన అరచేతి పాటి వైశాల్యము మాత్రమే. బండి నిలుచుటకును, తిరుగుటకును, ముందుకు సాగుటకును కావలసిన ఘర్షణ యంతయు ఆ రెండు అరచేతులంత చోటులోనే పుట్టవలెను.

ఉపాధ్యాయ మిత్రులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్ల మీద వేసి చూపవచ్చును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు కదలిపోవును. అపాయమును గుర్తించి చేయి బ్రేకును పట్టుకొనుసరికే ఆ సెకను గడచిపోవును. పిమ్మట పొడిగా నున్న మంచి తారురోడ్డు మీద బండి ఆగుటకు మరి 14 మీటర్ల దూరమైనను కావలెను. పట్టు సగమునకు తగ్గినచో ఈ రెండవ దూరము రెట్టింపగును. వేగము రెట్టింపైనచో అది నాలుగు రెట్లగును. తిన్నని బాటలో ఇది దూరమునకు సంబంధించిన చిక్కు మాత్రమే. మలుపులో అట్లు గాదు. అచ్చట బండి ఒరిగియుండును. తిరుగుటకే టైరు తన పట్టును వెచ్చించుచుండును. ఆ క్షణమున టైరు క్రింద గింజలు దొర్లినచో ముందు చక్రము ప్రక్కకు జారును, ఆలోచన కలుగుటకు ముందే మనిషి నేల మీద నుండును. మా విద్యార్థి ముప్ఫై అయిదు కిలోమీటర్ల వేగమున పడుటలో వింత యేమియు లేదు.

ఋతువు మారినకొలది మా ప్రాంతమున బాట మీది అపాయము కూడ రూపము మార్చుకొనును. వడ్లగింజ నున్నన, తారుకును టైరుకును నడుమ అది చిన్న రోలరువలె దొర్లును. వేసవి మొదట రోడ్డెక్కు మొక్కజొన్న గింజ మరింత గట్టిది, గోలీల మీద నడచినట్లే యుండును. తొలకరిలో దమ్ము చేసి వచ్చు ట్రాక్టరు చక్రములు చేనిలోని నల్లరేగడి బురదను రోడ్డుదాక తెచ్చును. ఆ మన్ను నీటిని పీల్చి ఉబ్బి జిగురగును. టైరు గాళ్ళను పూడ్చివేసి దానిని నున్నని గుండుగా మార్చును. ఎండినపుడు అదే నేల నెఱ్ఱెలు విచ్చి రోడ్డు అంచులను క్రుంగదీయును. కాలువకట్టల మీది బాటలలో పరచిన ఎఱ్ఱకంకర, రోలరు సరిగా త్రొక్కని చోట, చేతికి దొరకని ఇసుకవలె ప్రక్కకు తప్పుకొనును. ధాన్యము మీద కప్పిన పట్టాలకు బరువుగా పెట్టిన రాళ్ళు, ధాన్య మెత్తిన పిదపను అచ్చటనే మిగిలిపోవుట వీటన్నిటికిని పైయెత్తు. పగలు వానిని చూడవచ్చును. రాత్రి వానిని మోటారుసైకిలే చూడవలెను.

అట్లయినచో రైతు దోషి యందమా? ధాన్యము ఎగదోసుకొనుచున్న యొక రైతునే అడిగితిని. ఆయన పార దింపి, "రోడ్డు మీద పోసుకోవాలని నాకేమన్నా సరదానా, మాస్టారూ? మిషనుతో కోయిస్తే పచ్చి గింజ వస్తది. తేమ దిగకపోతే కొనేవాడు లేడు. మా నాయన నాడు పది సెంట్ల కళ్ళం ఉండేది, అది ఇళ్ళ స్థలాలైపోయింది. నాది కౌలు చేను. ఎక్కడ ఆరబోసుకోమంటారో మీరే చెప్పండి" అనెను.

ఆయన మాటలో అబద్ధము లేదు. పూర్వము కొడవలితో కోసిన వరిని పనలుగా చేనిలోనే ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరికగా నూర్చెడివారు. గింజ కళ్ళము చేరుసరికే చాలవరకు ఆరియుండెడిది. ఇప్పుడు కోతయు నూర్పును యంత్రము ఒక్క పూటలో ముగించును. గింజ పచ్చిగా చేతికి వచ్చును. ప్రభుత్వ కొనుగోలునకు తేమ నూటికి 17 పాళ్ళు మించరాదు. ఇందులకు తోడు తుపాను భయము. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరనే తీరము దాటెను. కోతకు వచ్చిన చేను నీటిలో పండుకొనుట కన్నులార చూచిన రైతు, రెండు దినములు ఎండ దొరకినచో ఎచ్చట నల్లనేల వేడెక్కియున్నదో అచ్చటికే గింజను మోసికొనిపోవును. ఆ నేల రోడ్డే. కళ్ళము పోయెను, కళ్ళముతో పని మాత్రము పోలేదు. చోటు లేని పని బాట కెక్కినది.

చట్టము లేకపోలేదు. బాటపై అడ్డంకి గాని అపాయము గాని కల్పించినవానికి 5,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అది అమలులో నున్నది. రోడ్డు హెచ్చరిక గుర్తులలో ఎఱ్ఱ అంచు గల త్రికోణమున, కారు చక్రము క్రింద నుండి రాళ్ళెగురు బొమ్మ యొకటి కలదు. వదులు కంకర గలదని దాని యర్థము. జారు బాటను తెలుపు గుర్తు వేరుగా నున్నది. ఈ రెండింటిని పరీక్ష కొరకు కంఠస్థము చేసిన విద్యార్థులు వేలమంది యుందురు. మా పల్లెబాటలలో అవి నాటియుండగా నేను చూచిన జ్ఞాపకము లేదు. కౌలు రైతుకు జరిమానా వేసినంత మాత్రమున గింజ ఆరదు. రేపు మరియొక మలుపులో ఆరబోయును.

కావున చేయవలసినవి రెండు పనులు. మొదటిది బండి నడుపువాని పని. అక్షరములు చదువ నేర్చినట్లే నేలను చదువ నేర్చుకొనవలెను. ముందు చక్రమును గాక, దూరమున బాట రంగును చూడవలెను. రంగు మారినదనగా పట్టు మారినదని తెలియవలెను. వేగము తగ్గించుకొనుట గింజల మీదికి పోకముందే, మంచి నేల మీద నుండగనే ముగియవలెను. గింజల మీద నున్నంతసేపు బండిని నిటారుగాను, హ్యాండిలును తిన్నగాను ఉంచి, తక్కువ గేరులో మెల్లగా సాగిపోవలెను. ముందు బ్రేకును గట్టిగా పట్టుట, హఠాత్తుగా ప్రక్కకు త్రిప్పుట, కంగారుపడి కాళ్ళు నేలకు జార్చుట, ఈ మూడును పడదోయు పనులు. తప్పనిసరి యైనచో వెనుక బ్రేకును మెత్తగా త్రొక్కవలెను. మలుపు ఆవల కనబడనప్పుడు అచ్చట ధాన్య మున్నదనియే తలచి పోవలెను. లారీ వెనుక దగ్గరగా పోరాదు. అది గింజల మీద పోవువరకు గింజలు మనకు కనబడవు. 125 సి.సి. దాటిన బండ్లకు చక్రము బిగుసుకొనిపోనీయని ఏ.బి.ఎస్. బ్రేకు 2019 నుండి తప్పనిసరి యైనది. అది మంచిదే, అయినను నేలలో లేని పట్టును ఏ యంత్రమును పుట్టింపజాలదు.

ఇన్ని జాగ్రత్తలును తప్పినపుడు తలకు హెల్మెట్టు దిక్కు. 1935 మే నెలలో ఇంగ్లండున టి.ఇ. లారెన్సు సైకిళ్ళపై పోవు ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారుసైకిలు మీద నుండి పడి, తలకు దెబ్బ తగిలి ఆరు దినములకు మరణించెను. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు ఒకరు. ఆయన ఆ మరణమును మరువలేదు. సైన్యమున వార్తలు చేరవేయు మోటారుసైకిలు భటుల తలగాయములను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణము నిలుపునని 1941లో ప్రకటించెను. ఒకడు పడినపుడు "ఎంత వేగము?" అని అడిగి ఊరకొనక, "మరియొకడు చావకుండుటకు ఏమి చేయవలెను?" అని అడిగినవాడు ఆయన. మనకు కావలసిన ప్రశ్న అదియే.

రెండవ పని ఊరిది. ధాన్యమునకు దాని చోటు దానికి తిరిగి ఈయవలెను. ఊరికి రెండు మూడు ఉమ్మడి సిమెంటు కళ్ళములు కట్టినచో, అందు కౌలు రైతునకు ముందు వంతు ఇచ్చినచో, రోడ్డు దానంతట అదే ఖాళీ యగును. తెలంగాణములో ఉపాధి హామీ నిధులతో ఇట్టి కళ్ళములు కట్టిరి. 2022లో ఆ వ్యయము మీద కేంద్రమునకును రాష్ట్రమునకును వివాదము వచ్చెను. నిధి ఏ పద్దు క్రింద వ్రాయవలెనో పెద్దలు తేల్చుకొందురుగాక. కళ్ళము కట్టుట మాత్రము ఆగరాదు. విరిగిన చేతికి కట్టు కట్టించుటకు అగు ఖర్చు ఏ పద్దులోను కనబడదు గాని, అది ఊరే పెట్టుకొనుచున్న ఖర్చు. కళ్ళములు లేచువరకైనను పంచాయతీ నాలుగు నియమములు చాటింపవచ్చును: మలుపులలోను వంతెనల మీదను పోయరాదు, రాత్రి రోడ్డు మీద ఉంచరాదు, రాళ్ళకు బదులు ఇసుక మూటలు పెట్టి, ధాన్య మెత్తగనే వానిని తీసివేయవలెను, ఇరువైపుల దూరమునుండి కనబడునట్లు ఎఱ్ఱగుడ్డ కట్టవలెను. దీనికి ఏ నిధియు అక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇందు మనకును పాలు కలదు. బడికి వచ్చు బాలురలో సగమునకు పైగా రైతుబిడ్డలే. ఉదయమున తండ్రితో గూడి ధాన్యము ఎగదోసిన చేతులే, లైసెన్సు వయసు వచ్చినపుడు, బండి హ్యాండిలు పట్టుకొనును. పోసినవాడును పడినవాడును ఒక్క యింటివాడే కావచ్చును. ఘర్షణ పాఠము చెప్పు నాడు పిడికెడు వడ్లు బల్ల మీద పోసి చూపుడు. విద్యార్థులచేత తమ యూరి బాటలోని మలుపులను, గోతులను, వదులు కంకరను పటముగా గీయించి పంచాయతీకి పంపుడు. పెద్దలు వినకపోవచ్చును. గీసిన బాలుడు మాత్రము ఆ మలుపును జన్మలో మరువడు.

మా విద్యార్థి చేయి అతుకుకొన్నది. వ్రాత ఇంకను కొంచెము వంకర పోవుచున్నది. మొన్న అర్ధవార్షిక పరీక్ష పత్రమును దిద్దుచు, ఆ వంకర అక్షరముల కొరకు మార్కులు తగ్గింపబోయి చేయి ఆపుకొంటిని. ఈ మార్గశిరమున ఎవరైన పడినారని విన్నచో, ముందుగా "రోడ్డు మీద ఏమున్నది?" అని అడుగుటకు నిశ్చయించుకొంటిని. ఆ ప్రశ్నను పాఠకులును నాతో గూడి అడుగుదురుగాక.