చట్టముల పుట్టుపూర్వోత్తరములు

జగిత్యాల జిల్లా మల్యాలలోని కర్షకుడు తన భూమిని ఎకరములు, గుంటలు అని చెప్పును. గోదావరి జిల్లాలలోని కర్షకుడు ఎకరములు, సెంట్లు అని చెప్పును. ఇరువురును తెలుగువారే. ఎకరము ఇరువురికి నొక్కటియే. అయినను ఒకరి యెకరమునకు 40 గుంటలు, మఱియొకరి యెకరమునకు 100 సెంట్లు. ఈ చిన్న భేదమునకు మూలమేమని ప్రశ్నించువారు మనలో అరుదు. ప్రశ్నించినచో మన రాష్ట్ర భూచట్టముల చరిత్ర చాలవఱకు దాని వెంటనే బయల్పడును.

సర్కారు జిల్లాలు చెన్నపట్టణ ప్రభుత్వము క్రింద నుండుటచే వారి కొలత సెంట్లాయెను. నైజాము సంస్థానములో భూమిని సర్వే చేయించి శిస్తు నిర్ణయించిన యధికారులు బొంబాయి పద్ధతిని బట్టి నడచిరి. పద్ధతితో పాటు మాటలును వచ్చినవి. మన పల్లెలలో నేటికిని వినబడు “సేత్వారు” అను పదము మరాఠీలో పొలమను నర్థము గల “శేత్” అను మాట నుండి పుట్టినది. సర్వే నెంబరులో సాగునకు రాని తునకను “పోట్ ఖరాబు” అందుము. పోట్ అనగా మరాఠీలో కడుపు. పొలము కడుపులోని చెడుభాగ మన్నమాట! మల్యాల పట్టాదారు తనది కాని భాషలో తన పొలమును వర్ణించుచు, అది తన తాతల నాటి మాటయేయని నమ్ముచున్నాడు.

మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేసినపు డీ ప్రాంతము ఎలగందుల జిల్లాలోనిది. 1905లో అది కరీంనగరు జిల్లా అయినది. 2016లో జగిత్యాల వేఱు జిల్లా అయినది. జిల్లా పేరు మాఱినను భూమి శిస్తు చట్టము మాత్రము 1317 ఫసలీ నాటిదే. ఫసలీకి 590 కలిపినచో అది 1907-08వ సంవత్సరమగును. ఉర్దూలో వ్రాయబడిన యా చట్టమును 1879 నాటి బొంబాయి ల్యాండు రెవిన్యూ కోడు ప్రక్కన పెట్టి చదివినవారికి తల్లీబిడ్డల పోలిక కనబడక మానదు. తొలుత దానికి “హైదరాబాదు” అను శిరోనామము. 1956 తరువాత “ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతము)” అని. రాష్ట్రము వేఱుపడిన పిమ్మట, 2016 నాటి అనుసరణ యుత్తరువుతో, “తెలంగాణ” అని. పేరు మాఱినది గదాయని లోపలి సరకు కూడ మనదేయని తలంచుట పొరపాటు.

ఆ పొరపాటు ఎంత దూరము పోగలదో 1329 ఫసలీ నాటి నపుంసకుల చట్టము చూపినది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము ఉత్తర హిందూస్థానములో తెచ్చిన యొక చట్టము పోకడలు దానిలో గలవు. హిజ్రాల పేళ్లు రిజిస్టరులో నెక్కించుట, స్త్రీవేషముతో వీధిలో కనబడినవారిని వారంటు లేకయే పట్టుకొనుట అందలి విధులు. ప్రజలెన్నుకొన్న యే శాసనసభయు చేయని యీ చట్టము స్వరాజ్యము వచ్చిన తరువాత డెబ్బదియైదేండ్లు బ్రదికి, క్రొత్త రాష్ట్రము పేరును సైతము ధరించి, 2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసిన పిమ్మట గాని చావలేదు. దాని జన్మపత్రికను ముందే యెవరైన విప్పి చూచియుండిన ఇంత కాలము నిలిచెడిది కాదని మా విశ్వాసము.

అయితే ఎరువు తెచ్చినదంతయు త్యాజ్యమని మే మనుట లేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టమును చూడుడు. “రక్షిత కౌలుదారు” అను భావము 1939లో బొంబాయి చట్టములో వచ్చినది. 1948 నాటి బొంబాయి చట్టము రూపురేఖలు మన చట్టములో స్పష్టముగ నున్నవి. కాని యా కాగితమునకు ప్రాణము పోసినది బొంబాయి గాదు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణ పల్లెలలో సాగిన రైతు పోరాటము. ఆ రక్షిత కౌలుదారునకు యాజమాన్యహక్కు నిచ్చు 38-ఇ సెక్షను 1950 నాటి ప్రతిలో నుండనే లేదు, 1954 సవరణలో వచ్చినది. ఇది తెలియక మొదటి ప్రతిని మాత్రము చేతబట్టుకొని కచ్చేరీకి పోయిన కాపు, పట్టాదారుడు గానిండు కౌలుదారుడు గానిండు, తన హక్కేమో తానెఱుగడు. మా పాఠకులలో భూస్వాములు పెక్కుమంది గలరు. ఈ సెక్షను ప్రసంగము వారికి రుచింపకపోవచ్చును. రుచించినను రుచింపకున్నను దాని చరిత్ర తెలిసియుండుట వారికే మేలు.

ఇటీవలి యుదాహరణము మఱింత దగ్గఱిది. 1971 నాటి హక్కుల రికార్డు చట్టము క్రింద తహశీలుదారు తీర్పుపై ఆర్.డి.ఓ.కు అప్పీలు, ఆపైన రివిజను ఉండెను. 2020 చట్టము ఆ రెవిన్యూ కోర్టులను ఎత్తివేసినది. చిన్న పొరపాటునకును రైతు సివిలు కోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. 2025 నాటి భూభారతి చట్టము అప్పీలును మరల తెచ్చినది; అది ఆ సంవత్సరము ఏప్రిలు 14 నుండి అమలునకు వచ్చినది. పాత చట్టములో ఆ అంచెలు ఎందుకు కల్పింపబడెనో, అంతకు పూర్వము ఎట్టి యిక్కట్లుండెనో 2020లో విచారించియుండినచో ఐదేండ్ల తిరుగుడు తప్పియుండును. ఇల్లు పడగొట్టువాడు ఏ దూలము దేనిని మోయుచున్నదో చూచుకొనడా?

కావున బిల్లు శాసనసభకు వచ్చునపుడే దాని పూర్వచరిత్రయు తెలుగులో సభ్యుల ముందుంచవలెనని మేము కోరుచున్నాము. ఏ చట్టము నుండి ఏ సెక్షను వచ్చినది, దానిని ఎవరు, ఏ కారణమున మార్చిరి అను సంగతులు అందులో నుండవలెను. నైజాము నాటి జరీదాలు హైదరాబాదు తార్నాకలోని ప్రాచీన లిఖిత భాండాగారమునకే పరిమితము గాక ఉర్దూ మూలముతోను తెలుగు అనువాదముతోను జిల్లా గ్రంథాలయములకు రావలెను. ఇందుకు పెద్ద ద్రవ్యము పట్టదు. పట్టునది కాలము, ఆ కాలమే తక్కువగ నున్నది. పాత పహాణీలలోని ఉర్దూ గొలుసుకట్టు వ్రాతను చదువగల వృద్ధులు జగిత్యాల, కోరుట్ల పట్టణములలో ఏటేట తగ్గిపోవుచున్నారు. వారియొద్ద కూర్చుండి చదివించుకొని వ్రాసికొను యువకులను ప్రభుత్వము ఈ సంవత్సరమే నియమింపవలెను.