తల్లి తెలియని తోకకప్ప



తొలకరి వానలకు కుంటలు నిండగానే నల్లని తోకకప్పలు గుంపులుగా తిరుగాడడం మన పల్లెల్లో అందరూ చూసేదే. అయితే ఒక తోకకప్పను చూసి అది ఏ కప్ప పిల్లో చెప్పగలరా? చెప్పడం కష్టం. ఎందుకంటే పిల్లకు తల్లి పోలిక బొత్తిగా ఉండదు. పడమటి కనుమలలోని ఒక తోకకప్ప కథ ఇందుకు మంచి ఉదాహరణ.

దక్షిణ భారత కొండవాగులలో దొరికిన ఈ వింత తోకకప్పను 1918లో నెల్సన్ అనండేల్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అది ఏ కప్ప సంతానమో మాత్రం తెలియలేదు. తల్లికప్పకు పేరు పెట్టినది 2003లో. కేరళలోని ఇడుక్కి జిల్లాలో దొరికిన ఊదారంగు కప్పను ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బొస్యూట్ అనే శాస్త్రజ్ఞులు లోకానికి పరిచయం చేశారు. దాని మూతి మొనదేలి ఉండడంచేత, ముక్కు అని అర్థమిచ్చే 'నాసిక'తో 'నాసికాబట్రాకస్' అని పేరు పెట్టారు. అంటే పిల్ల తెలిసిన 85 ఏళ్లకు గాని తల్లికి పేరు రాలేదు!

ఇంత ఆలస్యం ఎందుకు? ఆ కప్ప ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ చెదపురుగులను తింటూ భూమిలోనే ఉంటుంది. వానలు మొదలైనప్పుడు కొద్ది రోజులు మాత్రం పైకి వచ్చి, వాగు రాళ్ల సందులలో గుడ్లు పెట్టి, మళ్లీ మట్టిలోకి పోతుంది.

మరి దాని పిల్లను గుర్తించడమెలా? నోరు చూడాలి. కుంటలోని తోకకప్పకు గుండ్రని ఒళ్లు, చిన్న నోరు ఉంటాయి. ఈ కొండవాగు తోకకప్పకు ఒళ్లు అణిగి చదునుగా ఉంటుంది, తోక బలంగా ఉంటుంది. నోరు అడుగు వైపున వెడల్పుగా ఉండి, జలగ పట్టినట్టు రాతిని పట్టుకుంటుంది. అందుకే ఎంత వడిగల నీరైనా దానిని కొట్టుకొనిపోలేదు. రాతి మీది పాకుడే దాని ఆహారం.

2017లో తమిళనాడు వైపు శ్రీవిల్లిపుత్తూరు కొండలలో దీనికి దగ్గర చుట్టమైన మరో జాతిని వర్ణించారు. ఆ పని చేసినవారిలో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

ఈ తోకకప్ప కప్పగా మారడానికి సుమారు 100 రోజులు పడుతుంది. అన్నాళ్లూ వాగు పారుతూ ఉండాలి. వాగుకు అడ్డుకట్ట వేసి నీటిని నిలబెడితే, పారే నీటికి తగిన ఆ నోరు ఎందుకు పనికివస్తుంది? పైగా కొన్నిచోట్ల ఈ పిల్లలను కూరకు పట్టుకోవడం కూడా ఉంది. పిల్లలు పోతే, మట్టిలో దాగిన తల్లుల సంతతి మనకు తెలియకుండానే అంతరిస్తుంది.

ఈసారి వానలు పడినప్పుడు మీ పిల్లలతో కుంట దగ్గరకు వెళ్లండి. గాజుగ్లాసులో నీటితోబాటు ఒక తోకకప్పను తీసి, అడుగు నుండి దాని నోరు చూడండి. అది నిలువనీటిదో, పారే నీటిదో పిల్లలనే చెప్పమనండి. తరువాత దానిని తీసినచోటనే మెల్లగా విడిచిపెట్టండి.