రాయికి పైసా లేదు, కాగితానికి ఏడున్నర శాతం

తెలంగాణలోని వడ్డేపల్లి మండలంలో ఎకరం భూమి కొంటే, రిజిస్ట్రేషన్‌కు సర్కారు కట్టిన విలువ మీద వందకు ఏడున్నర రూపాయలు చెల్లించాలి. 2021 జూలై దాకా ఆరు రూపాయలే ఉండేది. అంత ముక్కుపిండి వసూలు చేస్తున్నారు కదా, ఆ ఎకరం మూలల్లో ఉండాల్సిన హద్దురాళ్ల కోసం అందులోంచి విడిగా తీసిపెట్టిన పద్దు ఏదయ్యా అంటే చూపించేవాడు లేడు.

నిజాం కాలం సర్వేవాళ్లు ముప్పైమూడు అడుగుల గొలుసు లాగి, దాన్ని పదహారు అణాలుగా విడగొట్టి, ప్రతి గట్టు పొడవూ టిప్పన్ అనే కొలతల పత్రంలో రాసిపెట్టారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే గుంట. నలభై గుంటలు ఎకరం. లెక్క చక్కగానే ఉంది, కానీ గొలుసు ఎక్కడి నుంచి లాగాలి? రాయి నుంచే. నడిగడ్డ రేగడి ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి రాయిని ఒరగదోస్తుంది. మిగతా పని ట్రాక్టరూ జేసీబీ పూర్తి చేస్తాయి. రాయి కనపడకపోతే సర్వేయరు పక్క సర్వే నంబరులో వెతుకుతాడు. అక్కడా లేకపోతే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోటి రాయి దాకా పోతాడు. అదీ లేకపోతే బలమున్నోడు చెప్పిందే హద్దు. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) ఆయకట్టు చివర నీళ్ల కోసం పడే గోస చాలదని, గట్ల కోసం తలలు పగలగొట్టుకోవాలా?

చట్టం లేక కాదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం రాళ్లను కాపాడే బాధ్యత పట్టాదారు నెత్తిన పెట్టింది. అతను చేయకపోతే సర్కారే చేయించి ఖర్చు రాబట్టుకోవచ్చు. రాయి పీకినవాడికి పాత ఐపీసీ 434 కింద ఏడాది దాకా జైలు రాసి ఉండేది. మరి చూసేవాడేడి? పటేల్ పట్వారీలను 1984లో తీసేశారు (ఆ పీడ విరగడైనందుకు నాకేం బాధ లేదు). 2020లో వీఆర్వోలను రద్దు చేశారు. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దేశారు. ఏ రాయి ఏ తుమ్మచెట్టు కింద ఉందో తెలిసిన మనుషులు అట్లా చెదిరిపోయారు. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు, సంతోషం. వాళ్ల చేతికి రాయి కొని పాతించే డబ్బు ఎవరిస్తారు?

తుంగభద్ర అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో వింత. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో హద్దురాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి పేరు చెక్కించారు. 2024లో ప్రభుత్వం మారగానే ఆ పేరు చెరపడం ఇంకో పని అయింది. నాయకుడి పేరు మోసే రాయికి ఖజానా తెరుచుకుంటుంది, ఉత్త రాయికి మాత్రం తాళమే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 1990లోనే దీనికి చట్టం చేసుకుంది. దస్తావేజుల నమోదు రుసుములో కొంత తీసిపెట్టి, పాత సర్వే మూలలు వెతికి మళ్లీ గుర్తులు పాతడానికి కౌంటీలకు గ్రాంటు ఇస్తుంది. భూమి అమ్మకం నుంచి వచ్చిన సొమ్ము భూమి హద్దుకే పోతుంది. ఇందులో మనకు చేతకానిదేముంది?

జీపీఎస్ ఉండగా రాయి ఎందుకని అడిగే మేధావులకు ఒక్క మాట. ఇవాళ కనిపించే గట్టును రోవర్‌తో కొలిచి పటం గీస్తే, నిన్న రాత్రి జరిపిన గట్టే శాశ్వత హద్దు అవుతుంది. దొంగతనానికి ఉపగ్రహం చేత ముద్ర వేయించినట్టే. మన కొత్త భూభారతి చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు పటం జత చేయాలనడం మంచిదే, కానీ పాత రాయి దొరక్కుండా ఆ పటం దేన్ని పట్టుకుని గీస్తారు? దున్నేవాడి కంటికి అక్షాంశాలు ఆనవు.

రిజిస్ట్రేషన్ రాబడిలో వందకు ఒక్క రూపాయి హద్దురాళ్ల గ్రాంటుగా ప్రతి మండలానికీ తిరిగి రావాలి. ముందు పొలిమేర రాళ్లు, తర్వాత సర్వే నంబర్ల మూలలు. వడ్డేపల్లి రైతులారా, ఈసారి గ్రామసభలో ఓట్లడిగేవాళ్లు వేదికెక్కగానే ఈ ఒక్క రూపాయి సంగతి అడగండి. తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.