11 నెలల కార్డుతో నేల సారం పెరుగుతుందా?

యూరియా తగ్గించండి, నేల సారం పెంచండి అని అధికారులు ఊరూరా చెబుతున్నారు. మంచి మాటే. వినేది ఎవరు? డెల్టాలో వరి వేసేవారిలో చాలామంది కౌలు రైతులే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. అదీ భూయజమాని సంతకం పెడితేనే.

జీలుగ, పిల్లిపెసర కలియదున్ని, పశువుల ఎరువు తోలితే నేల కోలుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఆ చేను తనకే ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? నేల బాగుపడితే కౌలు పెంచరన్న భరోసా ఏది? అందుకే 45 కిలోలు 266 రూపాయలకు వచ్చే (దొరికితే!) యూరియా బస్తాకే చేయి పోతుంది.

సంతకం నిబంధన ఎత్తివేయాలి. కార్డు కనీసం మూడేళ్లు చెల్లాలి. పచ్చిరొట్ట విత్తనాల సబ్సిడీ కౌలు రైతు పేరునే ఇవ్వాలి.